ఆరో నెలలో క్యాబినెట్

మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధాని వాజపేయి 1998 నవంబరు 22న ప్రారంభించారు. అప్పటికి ఆ చుట్టుపక్కల ఎక్కువగా కనిపించేవి రాళ్లగుట్టలు, తుప్పలు, చెరువులు. ఆ తర్వాత పాతికేళ్లలో నిర్మాణం రాయదుర్గం, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ మీదుగా కోకాపేట దాకా పాకింది. ఈ మేడల్లో దాదాపు ప్రతిదాని సెల్లార్ కోసమూ పేల్చింది, తొలిచింది గ్రానైట్‌నే. సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట గట్టిపడిన శిల అది. అందులోని క్వార్ట్జ్ మోస్ గట్టిదనపు కొలమానం మీద 7 దగ్గర ఉంటే, ఫెల్డ్‌స్పార్ 6 దగ్గర ఉంటుంది. కంప్యూటర్ హీట్‌సింక్‌లో వాడే రాగి 3 దగ్గరే ఆగిపోతుంది. పిండైన ఆ రాయి, టిప్పర్ల నుంచి రాలిన మట్టి, టైర్ల కింద నలిగి మళ్లీ లేచే రోడ్డు దుమ్ము, డీజిల్ మసి అన్నీ కలిసి ఐటీ కారిడార్ గాలిలో తిరుగుతుంటాయి. వాటికి తోడు మే నెల మధ్యాహ్నాలు 40 డిగ్రీలను తాకుతాయి. ఇలాంటి చోట డెస్క్‌టాప్ కంప్యూటర్ అసెంబుల్ చేయించుకునే మనిషి ప్రాసెసర్ గురించి నెల రోజులు చదువుతాడు, గ్రాఫిక్స్ కార్డు ధర తగ్గుతుందేమోనని రెండు నెలలు ఎదురుచూస్తాడు. క్యాబినెట్‌ను మాత్రం సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అందరూ సీటీసీ అనే ఆ కంప్యూటర్ బజారులో, అద్దం ఎటువైపు ఉంది, లైట్లు ఎన్ని రంగుల్లో వెలుగుతున్నాయి అని చూసి పది నిమిషాల్లో తేల్చేస్తాడు. ఈ ఊరి వాతావరణంతో నేరుగా తలపడే భాగం మాత్రం ఆ క్యాబినెట్టే.

క్యాబినెట్ల మీద వాదన సాధారణంగా రెండు వర్గాలుగా చీలిపోతుంది. వేడి ముఖ్యమనేవారు ముందంతా జల్లెడలా తెరిచి ఉన్న పెట్టె కొనమంటారు. దుమ్ము ముఖ్యమనేవారు ముందు మూసి ఉన్నది కొనమంటారు. వేడి, దుమ్ము రెండు వేర్వేరు సమస్యలనీ, ఒకదానికి మేలు చేస్తే రెండోదానికి కీడు తప్పదనీ ఇద్దరూ ఒప్పేసుకున్నట్టే. నా లెక్క వేరు. వేడి దేశంలో దుమ్ము చేసే ప్రధాన అపకారం వేడి రూపంలోనే బయటపడుతుంది. కాబట్టి రెండింటినీ ఒకే కొలతతో కొలవవచ్చు. కొన్న రోజు ఆ పెట్టెలో ఉష్ణోగ్రత ఎంత అన్నది ఆ కొలత కాదు, ఎవరూ ముట్టుకోకుండా వదిలేసిన ఆరో నెలలో ఎంత అన్నదే. ఈ కొలత పట్టుకుంటే మార్కెట్లో మెరిసే చాలా పెట్టెలు వెనక్కి పోతాయి, ఎవరూ పట్టించుకోని ఒకటి రెండు లక్షణాలు ముందుకు వస్తాయి.

ముందు వేడి సంగతి. క్యాబినెట్ దేన్నీ చల్లబరచలేదు. గది ఉష్ణోగ్రత కంటే లోపలి గాలి ఎన్ని డిగ్రీలు ఎక్కువ ఉంటుందన్నది మాత్రమే దాని చేతిలో ఉంది. గది 25 డిగ్రీల దగ్గర ఉండి, పెట్టె లోపల గాలి మరో పది డిగ్రీలు వేడెక్కి, గ్రాఫిక్స్ కార్డు తన హీట్‌సింక్ మీద ఆ గాలి కంటే నలభై డిగ్రీలు పైన నడుస్తోందనుకుందాం. చిప్ 75 దగ్గర హాయిగా ఉంటుంది. అదే పెట్టెను కొండాపూర్‌లో ఏసీ లేని పై అంతస్తు గదిలో, 38 డిగ్రీల మే సాయంత్రం నడిపితే లెక్క 88కి చేరుతుంది. గదిలో పెరిగిన ప్రతి డిగ్రీ దాదాపు పూర్తిగా చిప్ మీదికి బదిలీ అవుతుంది. ఎన్‌విడియా సొంత కార్డులు చాలా తరాలుగా 83 డిగ్రీల ప్రాంతాన్ని లక్ష్యంగా పెట్టుకుని, అది దాటుతుంటే వేగం తగ్గించుకుంటూ వచ్చాయి. ఏఎండీ రైజెన్ 7000 ప్రాసెసర్లకు 95 డిగ్రీల పరిమితి పెట్టారు. అంటే చల్లని దేశంలో ముప్పై డిగ్రీల వెసులుబాటు ఉన్న యంత్రానికి ఇక్కడ పదిహేను డిగ్రీలే మిగులుతాయి. చలిదేశపు సమీక్షకుడు 22 డిగ్రీల గదిలో పరీక్షించి, ఈ రెండు పెట్టెలకూ తేడా ఐదు డిగ్రీలే, పట్టించుకోనక్కర్లేదు అంటే ఆయన మటుకు ఆయన చెప్పింది నిజమే. మన వెసులుబాటులో మూడో వంతు ఆ ఐదు డిగ్రీలే.

ఈ ఊరి ఎత్తు కూడా కొంచెం వడ్డీ వసూలు చేస్తుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి అయిదు వందల మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. వేసవిలో ఇక్కడి గాలిపీడనం 945 హెక్టోపాస్కల్స్ చుట్టుపక్కల ఉంటుంది. 40 డిగ్రీల దగ్గర ఆ గాలి ఘనపు మీటరుకు 1.05 కిలోలే తూగుతుంది. సముద్రతీరంలో 20 డిగ్రీల గాలి 1.2 కిలోలు తూగుతుంది. వేడిని మోసుకుపోయేది గాలి బరువే గాని ఘనపరిమాణం కాదు. 400 వాట్ల వేడిని పది డిగ్రీల పెరుగుదలతో బయటికి పంపాలంటే తీరంలోని ఆ చల్లగాలి సెకనుకు 33 లీటర్లు చాలు, మనకు 38 లీటర్లు కావాలి. దాదాపు పదిహేను శాతం అదనం. ఫ్యాన్ పెట్టె మీద ముద్రించిన అంకె ఎంతైనా, ఇక్కడ దానికి ఆ మేరకు కోత పడుతుంది.

ఈ 38 లీటర్ల అంకెను దుమ్ము వైపుకు తిప్పుదాం. రోజుకు ఎనిమిది గంటలు అలా పీలిస్తే యంత్రంలోంచి పోయే గాలి సుమారు 1,100 ఘనపు మీటర్లు. మన దేశంలో పీఎం10 కణాలకు 24 గంటల జాతీయ పరిమితి ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు. గాలి సరిగ్గా ఆ పరిమితి మీదే ఉందనుకున్నా రోజుకు 0.11 గ్రాము, మూడు వందల పనిదినాలకు 33 గ్రాముల ధూళి పెట్టెలోకి వెళ్తుంది. పది మైక్రాన్ల లోపు కణాల లెక్క మాత్రమే ఇది, అంతకంటే పెద్ద మట్టిరేణువులు, పక్కబట్టల పీచు, వెంట్రుకలు అదనం. ముందు మూసి ఉన్న క్యాబినెట్ దుమ్మును ఆపుతుందన్న నమ్మకం ఇక్కడే బెడిసికొడుతుంది. 400 వాట్ల యంత్రానికి సెకనుకు 38 లీటర్లు కావాల్సిందే. ముందు తలుపు మూస్తే ఆ గాలి పక్క సందుల్లోంచి, వెనక స్లాట్ల రంధ్రాల్లోంచి, ప్యానెళ్ల అతుకుల్లోంచి వస్తుంది. వాటిలో దేనికీ ఫిల్టర్ ఉండదు. అంత గాలి రాకపోతే దుమ్ము కొంచెం తగ్గే మాట నిజమే, దానికి మూల్యం లోపలి వేడి. మూసిన పెట్టె దుమ్ము రావడానికి దొంగదారి చూపిస్తుంది, అంతే. తయారీదారులకూ ఇది తెలిసివచ్చినట్టుంది. ఎన్‌జెడ్‌ఎక్స్‌టీ 2019లో తెచ్చిన హెచ్510కు ముందువైపు నున్నటి ఇనుపరేకు ఉండేది. 2021లో అదే పెట్టెను ముందు రంధ్రాలు పొడిచి ఫ్లో పేరుతో మళ్లీ అమ్మారు. కోర్సెయిర్ 2020లో 4000డి మోడల్‌ను మూసిన ముఖంతో ఒకటి, ఎయిర్‌ఫ్లో పేరుతో రంధ్రాలున్నది ఒకటి పక్కపక్కనే దించింది. ఈ ఊళ్లో వాడకానికైతే ఆ రెండింటి మధ్య ఎంచుకోవడానికి నాకు పెద్ద ఆలోచన అక్కర్లేదు.

అయితే లోపలికి వెళ్లిన 33 గ్రాములూ అక్కడే ఉండిపోవు. ధూళి ఎక్కడ ఆగుతుంది, ఎందుకు ఆగుతుంది అన్నది కాస్త నిలిచి చూడాల్సిన విషయం. మైక్రాన్ కంటే చిన్న కణాలు గాలితోపాటు ఒంపులు తిరిగి, ఎక్కువభాగం వెనకనుంచి వెళ్లిపోతాయి. పది, ఇరవై మైక్రాన్ల రేణువులు బరువైనవి. గాలి మలుపు తిరిగినా అవి తిరగలేక నేరుగా వెళ్లి ఫ్యాన్ రెక్క అంచుకో, హీట్‌సింక్ రేకు ముక్కుకో కొట్టుకుంటాయి. ఒకసారి తగిలాక అణువుల మధ్య ఉండే స్వల్ప ఆకర్షణ, స్థిరవిద్యుత్తు వాటిని అక్కడే పట్టి ఉంచుతాయి. ఇదొక్కటే అయితే పెద్ద ప్రమాదం లేదు. పలచటి పొడి పూత వల్ల ఉష్ణోగ్రత ఒకటి రెండు డిగ్రీలు పెరగవచ్చు. అసలు పని పీచు చేస్తుంది. ప్రాసెసర్ హీట్‌సింక్‌లో రేకుకూ రేకుకూ మధ్య సందు దాదాపు రెండు మిల్లీమీటర్లు, గ్రాఫిక్స్ కార్డుల్లో ఇంకా తక్కువ. దుప్పటి నుంచి ఊడిన ఒక నూలుపోగు, ఒక వెంట్రుక ఆ సందు మీద అడ్డంగా పడితే వంతెన కట్టినట్టవుతుంది. తర్వాత వచ్చే రేణువులు దాన్ని పట్టుకుంటాయి, వాటి మీద మరో పోగు పడుతుంది. నెలలు గడిచేకొద్దీ హీట్‌సింక్ ముఖం మీద బూడిదరంగు గుడ్డ నేసినట్టు ఒక పొర తయారవుతుంది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, గాలి మాత్రం పోదు. హీట్‌సింక్ విప్పిన మెకానిక్ వేలితో పట్టి ఒకే ముక్కగా లాగిపారేసేది ఈ పొరనే.

క్యాబినెట్ ఫిల్టర్ మీద వినిపించే పెద్ద ఆక్షేపణకు సమాధానం ఇందులోనే ఉంది. ఈ నైలాన్ జల్లెడల రంధ్రాలు పదుల నుంచి వందల మైక్రాన్ల వెడల్పు ఉంటాయి, పీఎం2.5 వీటికి చిక్కదు, పీఎం10లో కూడా చాలాభాగం దాటిపోతుంది, కాబట్టి ఇవి కంటితుడుపు అని కొందరు వాదిస్తారు. మొదటి మూడు మాటలూ నిజమే. అయినా ఆ ఫిల్టర్ ఆపాల్సింది మనిషి ఊపిరితిత్తులకు హాని చేసే సూక్ష్మకణాలను కాదు, రెండు మిల్లీమీటర్ల సందు మీద వంతెన కట్టగల పీచును. మిల్లీమీటర్ల పొడవున్న పోగును పట్టుకోవడానికి నైలాన్ జల్లెడ చాలు. పీచు ముందే ఆగిపోతే, లోపలికి వచ్చిన సన్నని రాతిపొడి పట్టుకోవడానికి ఆధారం దొరకక చాలావరకు బయటికి పోతుంది. ఇంట్లో వాడే ఎయిర్ ప్యూరిఫయర్ హెపా పొరను కత్తిరించి క్యాబినెట్ ముందు అతికిస్తే ఇంకా మేలు కదా అనిపించవచ్చు. కంప్యూటర్ ఫ్యాన్ పుట్టించే పీడనం చాలా తక్కువ. అంత దట్టమైన పొరను అది చీల్చలేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది.

అందువల్ల ఫిల్టర్ ఎంత సన్నదన్న దానికంటే దాని వైశాల్యం ఎంత అన్నది అడగవలసిన ప్రశ్న. రెండు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లకు వాటి కొలతకు సరిపోయే గుండ్రటి ఫిల్టర్లు తగిలిస్తే మొత్తం వైశాల్యం 226 చదరపు సెంటీమీటర్లు. మన 38 లీటర్ల గాలి వాటిలోంచి సెకనుకు 1.7 మీటర్ల వేగంతో దూసుకుపోవాలి. అదే ముందు ముఖమంతా పరిచిన 20 సెంటీమీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల పొడవున్న ఒకే పెద్ద ఫిల్టర్ అయితే వైశాల్యం 800, వేగం అర మీటరు లోపు. వేగం తగ్గితే అడ్డంకీ తగ్గుతుంది. అంతకంటే ముఖ్యంగా, అదే దుమ్ము మూడున్నర రెట్ల జాగాలో పరుచుకుంటుంది కాబట్టి ఫిల్టర్ మూసుకుపోవడానికి ఆ మేరకు ఎక్కువ కాలం పడుతుంది. ఆరో నెల ఉష్ణోగ్రతను శాసించేది ఈ అంకే. ఏ దుకాణంలోనూ, ఏ పెట్టె మీదా దీన్ని రాసి ఉంచరు. కొలటేపు పట్టుకుని చూసుకోవాలి. ఫ్యాన్ల విషయంలోనూ ఇదే తర్కం. 140 మిల్లీమీటర్ల ఫ్యాన్ నెమ్మదిగా తిరిగి, 120 ఫ్యాన్ వేగంగా తిరిగినంత గాలి ఇవ్వగలదు. ఫ్యాన్ వేగం రెట్టింపు చేస్తే గాలి రెట్టింపవుతుంది, అది తినే కరెంటు ఎనిమిది రెట్లవుతుంది, చప్పుడు సంగతి చెప్పనక్కర్లేదు. పెద్ద ఫ్యాన్లు పట్టే పెట్టెలో మామూలు రోజుల్లో వేగం తక్కువగా ఉంచి, మే నెలకు కొంత దాచుకోవచ్చు.

గాలి వచ్చే చోట ఫిల్టర్ పెట్టినంత మాత్రాన అది ఫిల్టర్‌లోంచే వస్తుందన్న హామీ లేదు. వెనక, పైన ఫ్యాన్లు బయటికి లాగే గాలి ముందు ఫ్యాన్లు లోపలికి తోసేదానికంటే ఎక్కువైతే, ఆ లోటు ప్రతి సందులోంచీ పూడుతుంది. అందుకే లోపలికి తెచ్చే గాలి ఎక్కువగా, బయటికి లాగేది తక్కువగా ఉంచాలి. అప్పుడు లోపలి పీడనం బయటికంటే కొద్దిగా ఎక్కువై, సందుల్లోంచి గాలి బయటికే కారుతుంది. ముందు రెండో మూడో ఫ్యాన్లు, వెనక ఒకటి సరిపోతాయి. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. ఇంటెల్ 1995లో ఏటీఎక్స్ ప్రమాణాన్ని మొదట రాసినప్పుడు, యంత్రానికి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ గాలిని బయటికి పంపకుండా లోపలికి ఊదాలనీ, ఆ గాలి ప్రాసెసర్ మీదుగా పోవాలనీ సూచించింది. పెట్టెలో కాస్త పీడనం నిలిచి దుమ్ము తగ్గుతుందన్నది అందులో ఒక ఉద్దేశం. ఎస్‌ఎంపీఎస్‌లో వేడెక్కిన గాలినే ప్రాసెసర్ మీద ఊదడం ప్రాసెసర్లు వేడెక్కుతున్న కొద్దీ అర్థంలేని పని అయిపోయింది. తర్వాతి సవరణల్లో దాన్ని తిప్పేశారు, పీడనం ఆలోచన కూడా దాంతోపాటే పోయింది. ఇప్పటి క్యాబినెట్లలో ఎస్‌ఎంపీఎస్ అడుగున వేరే గదిలో ఉండి, కిందనుంచి తన గాలి తాను తీసుకుంటుంది కాబట్టి ఆ పాత ఆలోచనలోని మంచిని మళ్లీ వాడుకోవచ్చు.

దీని మీద ఒక వాజబైన అభ్యంతరం ఉంది. ఫిల్టర్ దుమ్ము పట్టాక ముందు ఫ్యాన్లు తెచ్చే గాలి తగ్గుతుంది, వెనక ఫ్యాన్ మాత్రం ఎప్పటిలాగే లాగుతుంది. అంటే మొదటి రోజున్న అదనపు పీడనం ఆరో నెలకు లోటుగా మారవచ్చు. నిజమే. కాబట్టి మొదటి రోజు సమానంగా ఉంచితే సరిపోదు, చెప్పుకోదగ్గ మిగులుతో మొదలుపెట్టాలి. ముందు మూడు ఫ్యాన్లుండి వెనక ఒక్కటే, అదీ నెమ్మదిగా తిరిగే ఏర్పాటు ఈ పరీక్షకు నిలుస్తుంది. పైన మూడు ఫ్యాన్లు రంగుల లైట్లతో బయటికి లాగుతూ, ముందు ఒక్కటి ఉన్నది నిలవదు. పై రంధ్రాల గురించి మరో మాట. యంత్రం నడుస్తున్నంతసేపు వాటిలోంచి గాలి పైకే పోతుంది, దుమ్ము పడదు. ఆపేశాక రాత్రంతా గదిలో తేలుతున్న దుమ్ము నేరుగా మదర్‌బోర్డు మీదికి దిగుతుంది. పైన ఫ్యాన్లు వాడనివారు ఆ భాగాన్ని అయస్కాంతపు ఫిల్టర్‌తో కప్పి ఉంచడమే మేలు.

ఇంతకూ దుమ్ముకు ఇంత భయపడాలా అన్న ప్రశ్నకు గట్టి సాక్ష్యమే ఉంది. ఇంటెల్ 2007 అక్టోబరు నుంచి 2008 ఆగస్టు దాకా న్యూమెక్సికో ఎడారిలో సుమారు 900 సర్వర్లతో ఒక ప్రయోగం చేసింది. సగం సర్వర్లకు మామూలు ఏసీ పెట్టి, మిగతా సగానికి ఇళ్లలో వాడే సాధారణ ఫిల్టర్ ఒక్కటే అడ్డుపెట్టి బయటి గాలినే వదిలింది. ఆ గాలి 33 డిగ్రీల దాకా వేడెక్కింది, సర్వర్ల మీద దుమ్ము పొర కళ్లకు కనిపించేంతగా పట్టింది. పది నెలల తర్వాత బయటి గాలి పీల్చినవాటిలో చెడిపోయినవి 4.46 శాతం, ఇంటెల్ ప్రధాన డేటా సెంటర్లో అదే కాలంలో 3.83 శాతం. పక్క గదిలో ఏసీలో ఉన్నవి 2.45 శాతం. దుమ్ముకు, వేడికి ఇంత హడావుడి అనవసరమని అప్పట్లో దీన్ని చాలామంది ఉదహరించారు. వేడి విషయంలోనూ ఇలాంటి సాక్ష్యం లేకపోలేదు. గూగుల్ 2007లో లక్షకు పైగా హార్డ్‌డిస్కులను పరిశీలించి, మధ్యస్థ ఉష్ణోగ్రతల్లో వేడికీ డిస్కులు చెడిపోవడానికీ బలమైన సంబంధం కనిపించలేదని ప్రకటించింది.

రెండు అధ్యయనాలూ నమ్మదగినవే. కాని అవి దేన్ని కొలిచాయో చూడాలి. ఇంటెల్ లెక్కపెట్టింది చచ్చిపోయిన యంత్రాలను, అదీ పది నెలల్లో. ఆరో నెలలో వేగం తగ్గించుకుని, ఫ్యాన్లు రొదపెడుతూ నడిచే యంత్రం ఆ లెక్కలో ఆరోగ్యవంతమైనదే. పైగా సర్వర్ ఫ్యాన్లు జెట్ విమానాల్లా అరుస్తూ సన్నని పెట్టెలోంచి గాలిని ఈడ్చేస్తాయి. పడకగదిలో మంచం పక్కన పెట్టుకునే యంత్రానికి ఆ స్వేచ్ఛ లేదు. గూగుల్ అధ్యయనం డిస్కుల గురించినది. డెస్క్‌టాప్‌లో వేడికి ముందుగా వయసు మీదపడేది ఎస్‌ఎంపీఎస్‌లోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లకు. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సగమవుతుందన్నది ఆ రంగంలో అందరూ వాడే సూత్రం. అన్నిటికంటే పెద్ద తేడా వానాకాలం. న్యూమెక్సికో దుమ్ముకు నెలల తరబడి సాగే నైరుతి రుతుపవనాలు తెలియవు.

పొడి రాతిధూళిలో విద్యుత్తు పారదు. నగరపు దుమ్ములో రాయితోపాటు వాహనాల పొగ నుంచి పుట్టిన లవణాలుంటాయి. ఒక్కో లవణం గాలిలో ఒక్కో తేమ దగ్గర నీటిని పీల్చుకుని కరిగిపోతుంది. అమ్మోనియం నైట్రేట్ 62 శాతం సాపేక్ష తేమ దగ్గర, మామూలు ఉప్పు 75 దగ్గర, అమ్మోనియం సల్ఫేట్ 80 దగ్గర. ఆగస్టు తెల్లవారుజామున హైదరాబాద్ గాలి ఈ మూడు గీతలనూ దాటగలదు. అప్పటిదాకా నిరపాయంగా ఉన్న పూత అప్పుడు సర్క్యూట్ల మధ్య విద్యుత్తు కారే పలచటి ఉప్పునీటి పొరగా మారుతుంది. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. నడుస్తున్న యంత్రానికి ఈ బెడద దాదాపు లేదు. లోపలి గాలి పది డిగ్రీలు వేడెక్కగానే దాని సాపేక్ష తేమ సగానికి దగ్గరగా పడిపోతుంది. వేసవిలో కూలర్ పెట్టుకునే ఇళ్ల లెక్క చూడండి. 40 డిగ్రీల పొడిగాలిని కూలర్ 29 డిగ్రీలకు దించుతుంది, తేమను 70 శాతం దగ్గరికి తీసుకెళ్తుంది. ఆ గాలి క్యాబినెట్‌లో 39కి వేడెక్కేసరికి తేమ 40 శాతానికి దిగుతుంది. అంటే కూలర్ గాలి యంత్రానికి హాని అన్న భయం చాలావరకు నిరాధారం, తడి తుంపర నేరుగా మీద పడనంతవరకు. ప్రమాదమంతా ఆపేసి ఉంచిన యంత్రానికే. వానాకాలంలో సొంతూరికి వెళ్లి రెండు వారాలు మూసి ఉంచిన గదిలో, దుమ్ము పట్టిన మదర్‌బోర్డు తేమను తాగుతూ కూర్చుంటుంది. తిరిగొచ్చి స్విచ్ వేయగానే ఆన్ కాని కంప్యూటర్ల వెనక ఈ కారణం ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేం.

ఏసీ గదిలో పెడితే ఈ గొడవంతా తీరిపోదా అని అడగవచ్చు. వేడి తీరుతుంది. స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే తిప్పుతుంది కాబట్టి కిటికీలు మూసి ఉన్నంతసేపు బయటి దుమ్ము కూడా తగ్గుతుంది. కాని మూసిన పడకగదిలో పీచు తగ్గదు, దుప్పట్లు, పరుపులు, తువాళ్లు ఉన్నది అక్కడే. మరి ఏసీ ఎన్ని గంటలు నడుస్తుంది? హైటెక్ సిటీ కార్యాలయాల్లో కేంద్రీకృత ఏసీ, దాని ఫిల్టర్లు రోజంతా పనిచేస్తాయి. పీజీ హాస్టల్ గదిలోనో, కిటికీ ఎదురుగా మరో టవర్ లేస్తున్న అపార్ట్‌మెంట్లోనో కరెంటు బిల్లు భయంతో రాత్రి మాత్రమే వేస్తారు. పగలు ఇంటినుంచి పనిచేసేవాడి యంత్రం ఎండాకాలపు గాలినే పీలుస్తుంది. నీటితో చల్లబరిచే లిక్విడ్ కూలర్ మీద ఆశ పెట్టుకునేవారూ ఉన్నారు. అది వేడిని ప్రాసెసర్ నుంచి రేడియేటర్ దాకా మోస్తుంది. అక్కడినుంచి గదిలోకి పంపాల్సింది మళ్లీ గాలే. రేడియేటర్ రేకుల సందులు మామూలు హీట్‌సింక్ సందుల కంటే ఇరుకు, కాబట్టి పీచుకు అది ఇంకా తేలికైన లక్ష్యం. క్యాబినెట్ లేకుండా బల్ల మీద విప్పి పెట్టుకునేవారి వాదన మాత్రం తీసిపారేయదగ్గది కాదు. పెట్టెలో చిక్కుకునే గాలి లేదు గనక వేడి తక్కువ, దుమ్ము కంటికి కనబడుతుంది గనక తుడుస్తారు. బల్లులు, చీమలు, చిన్నపిల్లలు లేని ఇంట్లో అది బాగానే నడుస్తుంది.

ఇక పెట్టెను ఎక్కడ ఉంచాలన్నది కొనుగోలుతో ముడిపడ్డదే. బరువైన రేణువులు, పీచు నేలకు దగ్గరగా ఎక్కువ, చీపురు పట్టిన ప్రతిసారీ అవి లేస్తాయి. అడుగునుంచి గాలి తీసుకునే క్యాబినెట్లు కొన్ని చల్లదనంలో ముందుంటాయి. సిల్వర్‌స్టోన్ రావెన్, ఫ్రాక్టల్ టొరెంట్ లాంటివి పెద్ద ఫ్యాన్లతో కిందనుంచి ఊదుతాయి, ఆ గాలి నేరుగా గ్రాఫిక్స్ కార్డుకు తగులుతుంది. బల్ల మీద పెట్టుకునేవారికి అవి మంచివే. నేల మీద పెట్టేవారు మాత్రం ఊడ్చిన చెత్తంతా యంత్రానికి తినిపిస్తున్నట్టే. ఎస్‌ఎంపీఎస్ కింద ఉండే ఫిల్టర్ మరో పరీక్ష. చాలా పెట్టెల్లో అది వెనకనుంచి లాగితే గాని రాదు, అలా లాగాలంటే గోడకు ఆనించిన పెట్టెను ముందుకు జరిపి తీగలన్నీ ఊడదీయాలి. అలాంటి ఫిల్టర్‌ను ఎవరూ తీయరు. ముందునుంచో పక్కనుంచో ఒక చేత్తో బయటికి వచ్చే ఫిల్టర్‌కు, పక్క అద్దానికీ, నాలుగు లైట్లకూ పెట్టే డబ్బు కంటే ఎక్కువ పెట్టినా నష్టం లేదు.

శుభ్రం చేయడానికి మన సంవత్సరంలోనే రెండు రోజులు సిద్ధంగా ఉన్నాయి. ఉగాది నాటికి ఎండలు ముదరడం మొదలవుతుంది. దసరా నాటికి వానలు వెనక్కి తగ్గుతాయి, ఆయుధపూజకు కంప్యూటర్లకు బొట్టు పెట్టే ఆనవాయితీ ఐటీ కార్యాలయాల్లోనూ ఉంది. బొట్టుకు ముందు పక్క ప్యానెల్ విప్పి బ్లోయర్‌తో ఊదితే పూజ పరిపూర్ణమవుతుంది. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోవాలి. బ్లోయర్ వేగానికి అది తన హద్దు దాటి గిరగిరా తిరిగి బేరింగ్ పాడయ్యే ప్రమాదం ఉంది. ముందు ఫిల్టర్‌ను మాత్రం నెలకోసారి కుళాయి కింద కడిగి, పూర్తిగా ఆరనిచ్చి పెట్టాలి.

ఇవేవీ చేయను, కొన్నాక దాన్ని ముట్టుకోను అని నిజాయితీగా చెప్పేవారు ఉంటారు, వారి సంఖ్య తక్కువేమీ కాదు. వారికి నా సలహా ఇంతవరకూ చెప్పినదానికి తలకిందులుగా ఉంటుంది. కడగని ఫిల్టర్ లేని ఫిల్టర్ కంటే చెడ్డది. ఫిల్టర్ లేకపోతే హీట్‌సింక్ మూసుకుపోవడానికి ఏడాది, రెండేళ్లు పట్టవచ్చు. మూసుకుపోయిన ఫిల్టర్ అయితే మొత్తం పెట్టె ఊపిరినే ఒక్కసారిగా బిగిస్తుంది. అలాంటివారు వెడల్పాటి రంధ్రాలున్న ఇనుపజాలీ ముఖం గల పెట్టె తీసుకుని, లోపలి నైలాన్ జల్లెడ ఊడదీసి పక్కనపెట్టి, రేకుల మధ్య సందు ఎక్కువున్న హీట్‌సింక్ ఎంచుకోవాలి. ఏడాదికోసారి, మార్చి నెలలో, దాన్ని సీటీసీలో తెలిసిన దుకాణానికి తీసుకెళ్లి ఊదించుకుంటే ఆ వేసవి గడుస్తుంది.